ఇద్దరమ్మల దొన

పూర్వం మబ్బుకొండ చుట్టూ ఉన్న సీమ ఊళ్లకంటె గొర్రెల మందలే ఎక్కువగా కనిపించే మెట్టభూమిగా, తంగేడు పొదలతోనూ తుమ్మచెట్లతోనూ నిండి ఉండేది. ఆ కొండ దక్షిణపు వాలులో ఏనుగు వీపువంటి నల్లని బండ ఒకటి, ఆ బండ నడుమ ప్రకృతి తొలిచిన లోతైన గుంట ఒకటి ఉన్నాయి. అటువంటి రాతిగుంటను ఆ సీమవాసులు దొన అంటారు. వానకాలంలో నిండి, ఎండలు ముదిరేవరకు మందలకూ బాటసారులకూ దాహం తీర్చే ఆ దొనకు అప్పట్లో పేరు లేదు, పూజా లేదు. అది పుణ్యస్థలమై, బిడ్డలను తెచ్చి పెంచుకొనే తల్లిదండ్రులకు యాత్రాస్థానమై, నేటి పేరును పొందిన వృత్తాంతాన్ని ఆ కొండవాలు పెద్దలు భక్తితో చెప్పుకొంటూ వస్తున్నారు.

కొండ కింద తంగేడుదిన్నె అనే పల్లెలో కురుబ కులానికి చెందిన బొమ్మన్న, తిప్పక్క అనే దంపతులు కాపురముండేవారు. బొమ్మన్న మందను మేపేవాడు. తిప్పక్క ఉన్ని ఏకి, వడికేది. ఆమె వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి బొమ్మన్న నేసిన కంబళి మీద వాన పడితే జారిపోవలసిందే గాని లోపలికి ఇంకదని కాపరులు మెచ్చుకొనేవారు. ఆ ఇంట తిండికీ కట్టుకోవడానికీ లోటు లేదు గాని సంతానం నిలవలేదు. తిప్పక్క కడుపు పండిన ప్రతిసారీ ఉయ్యాల కట్టకముందే శోకం ఎదురయ్యేది. కాలక్రమాన ఆమె సీమంతాలకూ నామకరణాలకూ పోవడం మానుకొంది. ఎవరూ ఆమెను రావద్దనలేదు. ఆమె గడపలో అడుగుపెట్టగానే అక్కడి ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా తగ్గిపోవడాన్ని మాత్రం ఆమె భరించలేకపోయింది.

ఇట్లుండగా ఆ సీమకు ఘోరమైన క్షామం సంప్రాప్తించింది. మబ్బుకొండ మీద మబ్బు నిలవడం మానేసింది. ఎగువ ఊళ్ల జనం పిల్లాపాపలతో, మూటాముల్లెతో, నదీతీరాలను వెతుక్కుంటూ తూర్పుదారి పట్టారు. అట్లా పోయేవారిలో దారి తప్పిన ఒక తల్లి, నీళ్లుంటాయన్న ఆశతో బిడ్డను చంకనెత్తుకొని కొండెక్కి, ఎండిపోయిన దొన ఒడ్డున ప్రాణాలు విడిచింది. మేత కోసం మందను కొండమీదికి తోలుకుపోయిన బొమ్మన్నకు ఆమె పక్కనే ముడుచుకొని కూర్చున్న ఆడపిల్ల కనిపించింది. పాలపళ్లు ఇంకా ఊడని పసిబిడ్డ. ఆ బిడ్డ చేతిలో సొరబుర్ర ఉంది. దాని అడుగున గుక్కెడు నీళ్లు మిగిలి ఉన్నాయి. తల్లి పెదవులు మాత్రం ఎండి పగిలి ఉన్నాయి. ఆ గుక్కెడు నీళ్లు ఎవరు ఎవరి కోసం మిగిల్చారో బొమ్మన్నకు అర్థమై, ఆ కఠినమైన ఎండలో అతని కళ్లు చెమర్చాయి. బండనేలలో గొయ్యి తవ్వే వీలు లేక, ఆమె దేహం మీద రాళ్లు పేర్చి, దండం పెట్టి, బిడ్డను కంబళిలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"మ్మే, తిప్పక్కా, అందుకో" అన్నాడు వాకిట్లో నిలబడి.

"ఎవురి బిడ్డయ్యా?"

"ఇంక మన బిడ్డే అనుకో. వాళ్లమ్మ దొనకాడ పోయింది, పాపం. నేనే రాళ్లు కప్పి వచ్చినా."

అతడు చెప్పిన మాటల్లో తిప్పక్క మొదటిది మాత్రమే విన్నది. తక్కిన మాటలు ఆమె చెవిని తాకాయి గాని మనసులోకి పోలేదు. ఇన్నాళ్ల తన మొర ఆలకించి కులదైవమైన బీరప్ప స్వామి ఈ బిడ్డను పంపాడని నిశ్చయించుకొని, ఆ రోజే గంగ అని పేరు పెట్టి, ఇరుగుపొరుగులకు బెల్లం పంచిపెట్టింది.

అయితే దైవం ఇచ్చిన బిడ్డ ఇల్లాలి ఒడిలోకి వచ్చిందే గాని ఆమె చెంతకు రాలేదు. గంగా అని పిలిస్తే తల తిప్పేది కాదు. పెట్టిన సంగటి సగం తిని, సగం ముద్దచేసి ఉన్నికుప్పల్లో దాచేది, చీమలు పట్టిన ఆ ముద్దలు బయటపడినప్పుడు తిప్పక్క, "నేను పెట్టనా తల్లీ, దాచుకునేదేంటికి?" అని నొచ్చుకొనేది. పక్కలో పడుకోబెట్టుకొంటే జారిపోయి, గడప దగ్గర కొండవైపు మొగం పెట్టి పడుకొనేది. నోరు తెరిచి మాట్లాడేది కాదు. తలకు నూనె రాయబోతే ఒళ్లంతా బిగబట్టుకొనేది. ఎత్తుకొన్న బిడ్డ మెడచుట్టూ చేతులు వేయకుండా కట్టెలా ఉంటే, ఎత్తుకొన్న తల్లికి ఎట్లా ఉంటుందో తిప్పక్కకు ఆ రోజుల్లోనే తెలిసివచ్చింది.

ఆ బిడ్డ చేతిలో ఎప్పుడూ ఒక పాతచీర పేలిక ఉండేది. దుమ్ముతో, చెమటతో అట్టకట్టిన ఆ పేలికను చూడలేక, బిడ్డ మెలకువగా లేని సమయం చూసి, కరువులో కడివెడు నీళ్లు ఖర్చుపెట్టి తిప్పక్క దాన్ని చవుడుమట్టి వేసి ఉతికి ఆరేసింది. బిడ్డ లేచి, పేలికను మొగానికి ఆనించుకొని, వాసన చూసి, మళ్లీ చూసి, అప్పటివరకు ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో ఒక్క కేక పెట్టింది. పేలికను విసిరికొట్టి గోడమూలకు చేరి, సాయంకాలం వరకు పచ్చిగంగ ముట్టలేదు. తాను చేసిన మేలు ఎక్కడ కీడైందో తెలియక తిప్పక్క కూడా ఆ పూట పస్తే ఉండిపోయింది. అందులో ఇంకిన తల్లివాసన నీళ్లలో పోయిందని ఆమెకు తట్టేసరికి ఆలస్యమైపోయింది. అది తట్టాక కూడా, ఆ మాటను ఆమె పైకి అనలేకపోయింది.

అటుపిమ్మట బిడ్డ సందు దొరికినప్పుడల్లా కొండదారి పట్టేది. తిప్పక్క వెంటపడి సగం దారిలో పట్టుకొని తెచ్చేది. ఒక్కనాడూ దొనదాకా పోనిచ్చింది కాదు, తానూ పోలేదు. రాళ్లు పేర్చిన ఆ చోటును కంటితో చూస్తే బిడ్డ తనది కాకుండా పోతుందని ఆమెకు లోలోపల భయం. చివరికి పనిలో ఉన్నప్పుడు తలుపు గడియ వేయడం మొదలుపెట్టింది. లోపలినుంచి ఏడుపైనా వినిపించకపోవడం ఆమెను మరింత బాధించింది.

బొమ్మన్న అన్న సిద్ధప్పకు ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. తన చిన్నకొడుకును తమ్ముడు దత్తు తీసుకొంటాడనీ, మంద చెదరకుండా ఉంటుందనీ ఆయన ఆశపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు. కరువులో తన ఇంటి నోళ్లకు దారి వెతుక్కొనే తండ్రి. "కులమేదో తెలీదు, గోత్రమేదో తెలీదు. పిలిస్తే పలకదు. ఈ బిడ్డను కట్టుకొని ఏం బాగుపడతార్రా?" అని తమ్ముడి ఎదుట అంటే, తిప్పక్క తలుపుచాటునుంచే, "బావా, అది పలికేదాకా నేను పిలుస్తానే ఉంటా" అన్నది.

ఆ కాలంలో కరువుకు దిక్కులేకుండా పోయిన పిల్లలందరూ కోటకు చెందాలని ఆ సీమ పాలెగాడు చాటింపు వేయించి ఉన్నాడు. కోటలోపల ఊడిగానికి పోయిన పిల్లలు మళ్లీ బయటికి వచ్చిన జాడ లేదు. ఎవరైనా పెంచుకోదలిస్తే బీరప్ప జాతర జరిగే పరసనాడు కులపెద్దల సమక్షంలో బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. పెద్ద 'మీయమ్మ ఎవరు?' అని అడిగితే బిడ్డ స్వయంగా చెప్పాలి. ఒడిలో పెట్టుకొన్న ఆమెను చూపితే ఆ బిడ్డ ఆ ఇంటిది, లేకపోతే కోటది. ఇది అప్పటి కట్టు.

పరస దగ్గరపడేకొద్దీ తిప్పక్కకు తిండి సహించలేదు. బిడ్డను ఎదుట కూర్చోబెట్టుకొని, బెల్లంముక్క చూపి, "అమ్మా అను తల్లీ. ఒక్కసారి అను. 'మీయమ్మ ఎవురు' అంటే నా తట్టు చూపించు, చాలు" అని బతిమాలేది. ఎన్నోసారి అడిగిందో గాని, ఒకనాటి ఉదయం బిడ్డ నోరు విప్పింది. ఆ ఇంట్లో ఆమె పలికిన తొలిమాట అది.

"మాయమ్మ కొండమీద ఉండాది."

ఎదురుచూసిన గొంతు అది. ఎదురుచూడని మాట అది. ఇన్నాళ్ల అలసట, భయం, ఆశాభంగం ఒక్కసారిగా పొంగి, "మీయమ్మ చచ్చిపోయింది! ఇంక లేదు! నేనే మీయమ్మను!" అని తిప్పక్క అరిచింది. బిడ్డ ఏడవలేదు. తనకు తెలియని సంగతి ఏదీ ఆమె చెప్పలేదన్నట్టు కాసేపు చూసి, లేచి, గడపదగ్గరికి పోయి కూర్చుంది. తిప్పక్క రాట్నం ముందు కూలబడి, ఆ రోజంతా ఒక్క పోగైనా తీయలేదు.

పరసనాడు బీరప్ప గుడిముందు డోళ్లు మోగాయి. కరువైనా పల్లె పల్లెనుంచీ జనం వచ్చారు. ఆచారం ప్రకారం తిప్పక్క ఉపవాసముండి, పసుపు రాసుకొని, బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుంది. కోటనుంచి వచ్చిన భటుడు ఒక పక్క నిలబడ్డాడు. కులపెద్ద కరియన్న డోళ్లు ఆపించి, వంగి, మెత్తగానే అడిగాడు: "పాపా, మీయమ్మ ఎవురు?"

బిడ్డ తన ఒడిలో ఒదిగి కూర్చోలేదని తిప్పక్కకు తెలుసు. ఆ చిన్న చెయ్యి లేచినప్పుడు అది ఎటు తిరుగుతుందో కూడా ఆమెకు తెలిసిపోయింది. బిడ్డ కొండను చూపింది. జనంలో గుసగుసలు బయలుదేరాయి. భటుడు ముందుకు అడుగు వేశాడు. బొమ్మన్న తల దించుకొన్నాడు.

ఆ క్షణంలో తిప్పక్క మనసులో ఏం జరిగిందో చెప్పడం కష్టం. బిడ్డ మాట వినలేదన్న కోపం రాలేదు. ఇంతమంది ఎదుట, కోటభటుడి ఎదుట, బెల్లం ఆశచూపినా గడియలు వేసినా తన తల్లిని తాను కాదనని ఆ పసిదాని నిలకడ చూసి ఆమెకు ఒళ్లు జలదరించింది. అంత గొప్పగా తల్లిని నమ్ముకొన్న బిడ్డ చేత అబద్ధం చెప్పించడానికి తాను ఇన్నాళ్లు పాటుపడిందన్న ఎరుక కలిగింది. ఆమె లేచి నిలబడింది.

"పెద్దాయనా, బిడ్డ నిజమే చెప్పింది. వాళ్లమ్మ కొండమీదనే ఉండాది. ఆయమ్మను అడక్కుండానే నేను ఈ బిడ్డను ఇంట్లో పెట్టుకొన్నా. పోయి అడిగి వస్తా. ఆ తర్వాత మీరు ఏం చెప్తే అది."

కరియన్న ఏమీ అనకముందే ఆమె బిడ్డ చెయ్యి పట్టుకొని కొండదారి పట్టింది. ఆ దారిలో తిప్పక్క బిడ్డను లాక్కుపోలేదు. బిడ్డే ఆమెను నడిపించుకుపోయింది. పెద్దలూ భటుడూ, వారి వెనుక జనమూ కొంత ఎడంగా అనుసరించారు.

నడినెత్తిన సూర్యుడు మండుతుండగా వారు దొనను చేరారు. దాని అడుగున నెర్రెలిచ్చిన బురద తప్ప తేమ లేదు. ఒడ్డున బొమ్మన్న పేర్చిన రాళ్లగుట్ట ఉంది. బిడ్డ పోయి దానికి ఒరిగి కూర్చుంది, ఇంటికి వచ్చిన మనిషి గోడకు ఒరిగి కూర్చున్నంత సహజంగా. తిప్పక్క తన భుజంమీది కొత్త కంబళిని ఆ రాళ్లమీద నిండుగా కప్పి, చేతులు జోడించింది.

"అక్కవో చెల్లెలివో నాకు తెలీదు తల్లీ. నీ బిడ్డను తీసుకుపోయి, నిన్ను మాత్రం ఈ ఎండకు వదిలేసినా. ఇన్నాళ్లూ నీ తట్టు చూసేదానికి భయపడినా. నువ్వుంటే ఈ బిడ్డ నాది కాదనుకొన్నా. నువ్వు గుక్కెడు నీళ్లు మిగిలిస్తేనే కదా ఈ బిడ్డ ఉండేది. నాకు పెంచుకొనే భాగ్యం ఇయ్యి. నీ పేరు చెరపను, నీ కాడికి రావద్దనను." తరువాత బిడ్డ వైపు తిరిగి, "మీయమ్మ నిన్ను ఏమని పిలిచేది తల్లీ?" అని అడిగింది. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఆ బిడ్డను ఎవరూ అడిగి ఉండలేదు.

"సుంకీ అంటాది."

"సుంకీ" అన్నది తిప్పక్క. బిడ్డ తల తిప్పి ఆమె మొగంలోకి చూసింది.

అప్పటికే ఉపవాసంతో, ఎండతో ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. నాలుక పిడచకట్టింది. రాళ్లగుట్టకు వీపు ఆనించి కూర్చుని, ఆమె కళ్లు మూసుకొంది. ఆ భంగిమ బిడ్డకు తెలిసినదే. ఇదే బండమీద, ఇదే ఎండలో, ఒక అమ్మ ఇట్లాగే కూర్చొని కళ్లు మూసి మళ్లీ తెరవలేదు. సుంకి ఒక్క ఉదుటున లేచి, ఆమె బుగ్గలు తట్టి, పలకకపోయేసరికి దొనలోకి దూకి, ఎండిన బురదను రెండు చేతులా పెల్లగించసాగింది. గోళ్లు విరిగి నెత్తురు వస్తున్నా ఆపలేదు. "అమ్మా! అమ్మా! నీళ్లియ్యమ్మా!" అని కొండంతా ప్రతిధ్వనించేట్టు కేకలు వేసింది.

కన్నతల్లి హృదయం రాళ్లకింద ఉన్నా ఆలకిస్తుంది కాబోలు. రాళ్లగుట్ట అడుగునుంచి, బండ పగులులోంచి, మొదట చెమ్మగా, పిదప దారంలాగా, ఆ తరువాత వేలి లావున స్వచ్ఛమైన జల ఉబికి దొనలోకి జారింది. బిడ్డ తాను తాగలేదు. రెండు చేతులూ దోసిలిగా కలిపి పట్టి, కారిపోగా మిగిలిన నీటిని తిప్పక్క పెదవులకు అందించింది.

"మాయమ్మ ఇచ్చినాది. తాగు. తాగమ్మా, లెయ్యమ్మా."

తిప్పక్క కళ్లు తెరిచింది. ఆ నీళ్లలో బురద ఉంది, నెత్తుటి రుచి ఉంది. అమృతమంటే ఇదేనని ఆమె తరువాత తన జీవితమంతా చెప్పుకొంది. బిడ్డ ఆమె మెడచుట్టూ చేతులు వేసి, గట్టిగా పట్టుకొని, అప్పుడు ఏడ్చింది. ఎండిన కొండ ఏడ్చినట్టు ఏడ్చింది. తిప్పక్క ఊరుకోమని అనలేదు.

వెనుక నిలబడిన కరియన్న తలపాగా తీసి చేతపట్టుకొన్నాడు. బిడ్డ అమ్మా అని పిలిచింది రాళ్లకింది తల్లినా, ఒరిగిపోయిన తల్లినా అని జనంలో ఎవరో అనబోతే ఆయన చేత్తో వారించి, "ఆ పిలుపుకు ఇద్దరూ పలికినారు. ఇంక మనం అడిగేది ఏముండాది?" అన్నాడు. భటుడు కోటకు వట్టిచేతులతో తిరిగిపోయాడు. అందరూ ఆ నీళ్లు తాగారు. సిద్ధప్ప అందరికంటె చివర తాగి, మరుదినమే ఆ రాళ్లగుట్టకు నీడగా పందిరి వేయడానికి తన చేతులతో గుంజలు మోసుకొచ్చాడు. ఆ ఏటి కరువంతా తంగేడుదిన్నె ఆ దొన నీటితోనే బతికింది.

పెద్దలు ఇంతటితో కథ ఆపరు. బిడ్డ ఆ ఒక్కనాటితో మారిపోలేదని కూడా చెబుతారు. సుంకి చాలాకాలం సంగటిముద్దలు దాస్తూనే ఉంది. తిప్పక్క ఆమె కోసమే ఒక చిన్న బుట్ట అల్లించి, "ఇందులో దాచుకో తల్లీ, చీమలు పట్టవు" అని ఇచ్చింది. ఎదిగే వయసులో కోపమొస్తే, "నువ్వు మాయమ్మవు కాదు" అని సుంకి విసురుగా కొండెక్కేది. ఆ మాట విన్న ప్రతిసారీ తిప్పక్కకు గుండెలో కలుక్కుమనేది. అయినా వెంటపడేది కాదు. కొండ మొదట్లో కూర్చుని, కదురు తిప్పుకొంటూ, దిగివచ్చేదాకా కాచుకొనేది. దిగివచ్చిన బిడ్డను ఎక్కడికి పోయావని అడిగేది కాదు, "మీయమ్మ బాగుండాదా?" అని మాత్రం అడిగేది. "బాగుండాది" అనేది సుంకి. ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు.

కాలాంతరాన సుంకి పెద్దదై, మంద యజమానురాలై, పిల్లల తల్లి అయింది. తిప్పక్క నిండునూరేళ్లు బతికి పోయినప్పుడు, ఆమె కోరిక ప్రకారం సుంకి ఆమెను దొన ఒడ్డునే ఉంచి, మొదటి రాళ్లగుట్ట పక్కనే రెండో గుట్ట పేర్చింది. అప్పటినుంచి ఆ స్థలానికి ఇద్దరమ్మల దొన అని పేరు వచ్చింది. అక్కడ చెక్కిన విగ్రహం లేదు. ఒకే కప్పు కింద రెండు రాళ్లగుట్టలు, వాటి అడుగున ఎంతటి ఎండకూ ఎండని నీటిధార ఉన్నాయి. ఏ గుట్ట ఎవరిదో ఇప్పుడు పూజారులకు సైతం తెలియదు. తెలుసుకోవాలని వారు ప్రయత్నించలేదు. పసుపు రెంటికీ ఒకటే, కంబళి రెంటికీ కలిపి ఒకటే.

నేటికీ ఏటేటా పరసనాడు, బిడ్డలను తెచ్చి పెంచుకొంటున్న తల్లిదండ్రులు దూరాలనుంచి ఆ కొండెక్కుతారు. కన్నవారు పెట్టిన పేరు తెలిసి ఉంటే దాన్ని మొదట పలికి, పిదప తాము పెట్టిన పేరు పలుకుతారు. పూజారి వంగి, "మీయమ్మ ఎవరు?" అని బిడ్డను అడుగుతాడు. ఎవరూ మాట అందించకూడదు, సైగ చేయకూడదు. డోలువాళ్లు పుల్లలు ఎత్తిపట్టుకొని నిలబడతారు. కొందరు పిల్లలు రాళ్లను చూపుతారు. కొందరు పక్కనున్న ఆమె కొంగు పట్టుకొంటారు. కొందరు ఏమీ చెప్పక నీళ్లతో ఆడుకొంటూ కూర్చుంటారు. ఏది చేసినా తప్పు లేదు. తల్లి ఆ బిడ్డ పక్కన బండమీద కూర్చుని కాచుకొంటుంది. బిడ్డ తనంతట తాను లేచి, ఇంటికి పోదామని చెయ్యి అందించినప్పుడే డోళ్లు మోగుతాయి. అందువల్ల ఆనాడు కొండమీది మోత ఎప్పుడు వినిపిస్తుందో కింద పల్లెలో ఎవరూ ముందుగా చెప్పలేరు. వినిపించినప్పుడు మాత్రం చేతిలోని పని ఆపి, కొండవైపు తిరిగి దండం పెడతారు.